తిరిగొచ్చాడు కదా

మా చిన్నోడిని ఎత్తుకెళ్ళింది 2013 నవంబరులో. అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు నిండి మూడు నెలలు, నాలుగో తరగతి. 40 గంటల తర్వాత దొరికాడు. ఆ 40 గంటల్లో ఏం జరిగిందని అడిగినవాళ్ళకి లెక్కలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో ఏం జరిగిందని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను రాయాలనుకున్నది ఈ రెండోదాని గురించే. మావాడిని అడిగాకే రాస్తున్నాను. "రాయమ్మా, పేర్లు మాత్రం వద్దు" అన్నాడు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. మాది గుంటూరు. మా ఆయనకి మిర్చి యార్డులో చిన్న కమీషన్ కొట్టు ఉంది. మా దగ్గర రెండేళ్ళు ట్రాలీ ఆటో నడిపిన మనిషిని డబ్బు దగ్గర తేడా వచ్చి మాన్పించారు. అతను ఇంకో ఇద్దరిని కలుపుకుని, స్కూలు వదిలే వేళకి గేటు దగ్గరికొచ్చి "నాన్న రమ్మన్నారు, ఎక్కు" అన్నాడు. పిల్లాడికి తెలిసిన అంకుల్. ఎన్నోసార్లు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆటో హ్యాండిల్ పట్టించిన అంకుల్. ఎక్కేశాడు.

స్టేషన్‌కి వెళ్తే "ఎక్కడో ఆడుకుంటూ ఉంటాడమ్మా, రాత్రి దాకా చూడండి" అన్నారు. పిల్లలు కనపడట్లేదని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది మే నెలలోనే చెప్పింది. మాకు తెలియదు. మాకు మామయ్య వరసయ్యే లాయరు ఒకాయన వచ్చి ఆ మాట చెప్పాకే కాగితం కదిలింది. రాత్రి తొమ్మిదింటికి ఫోనొచ్చింది, పాతిక లక్షలు కావాలని. అప్పట్నుంచి పోలీసులు కూడా నిద్రపోలేదు, ఆ మాట చెప్పకపోతే పాపం. మూడో రోజు ఉదయం ఊరి బయట ఒక పాత గోడౌన్‌లో దొరికాడు.

వాడు ఇంటికొచ్చిన రాత్రి మా అత్తయ్య దిష్టి తీశారు. గుప్పెడు రాళ్ళ ఉప్పు, ఏడు ఎండు మిరపకాయలు. వాడిని గడప దగ్గర నిలబెట్టి మూడుసార్లు తిప్పి, "ఊళ్ళోవాళ్ళ దిష్టి, వీధిలోవాళ్ళ దిష్టి, పాపిష్టోళ్ళ దిష్టి" అంటూ నిప్పుల మీద వేశారు. ఇల్లంతా ఘాటు కమ్మింది. మాకందరికీ పొలమారింది.

వాడు ఏడవలేదు. రెండు చేతులతో ముక్కూ నోరూ గట్టిగా మూసుకుని మంచం కిందకి పాకిపోయాడు. గోడ మూలకి చేరి మోకాళ్ళు ముడుచుకున్నాడు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది గానీ నోట్లోంచి చిన్న దగ్గు కూడా బయటికి రానివ్వట్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను పిలుస్తుంటే నన్ను చూడట్లేదు. నిక్కరు తడిసిపోయింది. నేనూ మంచం కిందకి దూరి పక్కన పడుకున్నాను. వాడి చేయి నోటి మీద నుంచి తీయడానికి గంట పైన పట్టింది.

తర్వాత తెలిసింది. వాడిని దాచిన గోడౌన్‌లో పాత మిర్చి సరుకు ఉంది. టిక్కీల వరసల వెనక కూర్చోబెట్టారు. బయటి ఊళ్ళవాళ్ళకి తెలియదేమో, టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోనె బస్తా, 40 కిలోల పైమాటే. అలాంటివి కప్పుదాకా పేర్చి ఉంటే ఆ గదిలో పెద్దవాళ్ళమే పది నిమిషాలు నిలబడలేం. "దగ్గితే మీ నాన్నని చంపేస్తాం" అన్నారట. ఎనిమిదేళ్ళ పిల్లాడు రెండు రాత్రులు ఆ ఘాటులో దగ్గు మింగుకుని కూర్చున్నాడు.

మేం బతికేది మిరపకాయల మీద. మా ఆయన చొక్కాలో, జుట్టులో, తాళాల గుత్తిలో కూడా ఆ వాసనే. అంతకుముందు ఆయన గేటు తీసిన చప్పుడు వింటే పరిగెత్తుకెళ్ళి మెడకి వేలాడేవాడు. ఇప్పుడు ఆయన గుమ్మంలోకి రాగానే వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకునేవాడు. మూడో రోజుకి ఆయనకి అర్థమైంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెరట్లో పంపు దగ్గర ఒక బకెట్టు, సబ్బు, ఉతికిన లుంగీ పెట్టించుకున్నారు. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, చొక్కా అక్కడే తడిపేసి, తలస్నానం చేసి, అప్పుడు లోపలికొచ్చేవారు. డిసెంబరు చలిలో కూడా అంతే. ఆ నీళ్ళ చప్పుడు వింటూ నేను వంటింట్లో ఏడ్చేదాన్ని.

మా అత్తయ్య చనిపోయేదాకా మళ్ళీ మిరపకాయలతో దిష్టి తీయలేదు. ఉప్పుతోనే తీసేవారు. "నా చేతులతో నేనే పెట్టాను వాడి ముక్కు కింద" అని ఎన్నిసార్లు అనుకునేవారో.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్ళు. హార్లిక్సు సీసాలు, బత్తాయిలు పట్టుకుని నెల రోజులపాటు వస్తూనే ఉన్నారు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని "ఏం నాన్నా, కొట్టారా? అన్నం పెట్టారా? నువ్వెందుకు ఎక్కావురా, తెలివి ఉండక్కర్లా?" అని అడిగేవాళ్ళు. ఒక టీవీ మనిషి మైకు వాడి నోటి దగ్గర పెట్టేశాడు. వెళ్ళేటప్పుడు అందరిదీ ఒకటే మాట, "పోనీలే, తిరిగొచ్చాడు కదా." ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఆ మాట విన్నాక ఇంకేం చెప్పాలి? రాత్రుళ్ళు పక్క తడుపుతున్నాడని, బాత్రూం తలుపు వేసుకోనివ్వట్లేదని చెప్తే కృతజ్ఞత లేనిదాన్ని అవుతానేమో అనిపించేది. మన పక్కనే బెజవాడలో 2010 జనవరిలో స్కూలుకి వెళ్ళే చిన్నారిని ఎత్తుకెళ్ళి చంపేశారు. కూతురి కబురు విని ఆ తండ్రి గుండె ఆగింది. ఆ కేసులో తీర్పు 2018 దాకా రాలేదు. ఆ తల్లి ముందు నాకేం కష్టం అని నోరు మూసుకునేదాన్ని. అలా మూసుకోవడం తప్పని తెలియడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలల్లో వాడో ఆట కనిపెట్టాడు. బియ్యం సంచి ఖాళీది తెచ్చి, అందులో తన బొమ్మ ఎలుగుబంటిని పెట్టి మూతి కట్టి, దివాన్ కింద పెట్టేవాడు. పక్కన కూర్చుని వందదాకా లెక్కపెట్టేవాడు. విప్పేవాడు. మళ్ళీ కట్టేవాడు. రోజూ అదే, సాయంత్రమంతా. ఆటలో నవ్వు ఉండాలి కదా, ఉండేది కాదు. ఒకరోజు అక్కని బీరువాలో కూర్చోమన్నాడు. అది భయపడి అరిచింది. మర్నాడు స్కూల్లో ఇంకో పిల్లాడితో అదే ఆట ఆడబోయాడట. స్కూలువాళ్ళు పిలిచి, మిగతా తల్లిదండ్రులు ఇబ్బంది పడుతున్నారు, టీసీ తీసుకుంటే మీకే మంచిదన్నారు. తీసుకున్నాం. వేరే స్కూల్లో వేశాం.

మస్తాన్ దర్గాకి తీసుకెళ్ళాం, తాయెత్తు కట్టించాం. కొండ మీద దుర్గమ్మకి మొక్కుకున్నాం. నేను వాటిని తక్కువ చేసి మాట్లాడను, ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది అవే. కానీ వాడి నిద్ర మాత్రం తిరిగి రాలేదు. చివరికి మా ఆడపడుచు గట్టిగా చెప్తే, 2014 జూన్‌లో బెజవాడ సూర్యారావుపేటలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాం. గుంటూరులో డాక్టర్లు లేక కాదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే "పిల్లాడికి పిచ్చట" అంటారని. ఆ మాట రాయడానికి ఇప్పుడు బాధగా ఉంది.

ప్రతి శనివారం నాన్‌స్టాప్ బస్సు. వారధి మీదకి రాగానే వాడు చేయి చాపేవాడు, కృష్ణలో వేయడానికి రూపాయి బిళ్ళ కోసం. ఒకటిన్నర ఏడాదిలో ఎన్ని రూపాయలు వేశామో కృష్ణమ్మకే తెలియాలి.

అక్కడి సైకాలజిస్టు మేడం మొదటి రెండు వారాలు వాడిని ఏమీ అడగలేదు. బొమ్మలు వేయించారు. నాతో మాత్రం చాలాసేపు మాట్లాడారు. సంచి ఆట గురించి చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. అమెరికాలో 1976లో చౌచిల్లా అనే చిన్న ఊళ్ళో స్కూలు బస్సుని ఆపి 26 మంది పిల్లల్నీ డ్రైవర్నీ ఎత్తుకెళ్ళి, ఒక క్వారీలో పాతిపెట్టిన ట్రక్కు ట్రైలర్లో మూసేశారట. దాదాపు 16 గంటల తర్వాత వాళ్ళే పైకప్పు తోసుకుని బయటపడ్డారు. ఒక్క ప్రాణం పోలేదు. లెనోర్ టెర్ అనే పిల్లల సైకియాట్రిస్టు ఆ పిల్లల్ని మొదట్లో ఒకసారి చూసి, నాలుగైదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి చూశారు. ఆమె చూసిన ప్రతి పిల్లాడిలో, ప్రతి పిల్లలో ఆ దెబ్బ మిగిలే ఉంది. జరిగినదాన్నే ఆటగా మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళట. తాము ఎక్కువ కాలం బతకమని చాలామంది అనుకునేవాళ్ళట.

ఆ చివరి మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. అంతకు వారం ముందే మా తమ్ముడు "పెద్దయ్యాక ఏమవుతావురా" అంటే మావాడు "పెద్దవుతానా మామయ్యా?" అన్నాడు. మేమంతా నవ్వేశాం. ఎక్కడో ఖండాలవతల పిల్లలు అన్న మాటే మావాడూ అన్నాడు. వాడు మొండివాడూ కాదు, నేను పెంచడం చేతకానిదాన్నీ కాదు అని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

సంచి ఆట ఆపొద్దన్నారు మేడం. పక్కన కూర్చోమన్నారు. "ఎలుగుబంటి లోపలుంటే ఎవరొస్తారు? ఎలా వస్తారు? వచ్చాక ఏం చేస్తారు?" అని అడగమన్నారు. వాడి ఆటలో ఎవరూ వచ్చేవాళ్ళే కాదు, అదీ నేను గమనించనిది. మూడు నెలలకి ఒక బొమ్మ జీపు వచ్చింది. తర్వాత ఎలుగుబంటే సంచి చింపుకుని బయటికొచ్చింది. ఆ తర్వాత ఆట దానంతట అదే తగ్గింది.

మిరపకాయల సంగతి అంత తొందరగా తేలలేదు. హార్లిక్సు సీసాలో రెండు ఎండు మిరపకాయలు వేసి, మూత గట్టిగా బిగించి, గదికి ఆ చివర పెట్టేవాళ్ళం. భయం ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా చెప్పాలి. మొదటి రోజు పది. సీసాని ఒక అడుగు ముందుకి జరపాలంటే వాడు ఒప్పుకోవాలి, మేం జరపకూడదు. ఒక వారం ఆరు అనేవాడు, వచ్చే వారం తొమ్మిది. సీసా వాడి బల్ల మీదకి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. మూత తీయడం ఇంకెప్పటికో.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక రాత్రి అన్నం తింటూ వాడు "అమ్మా, అంకుల్‌కి జైల్లో కూర వేస్తారా?" అన్నాడు. నా చేయి లేచింది. చెంప మీద అయిదు వేళ్ళూ తేలాయి. "నిన్ను చంపబోయినవాడి మీద జాలా?" అని అరిచాను. వాడు ప్లేటు వదిలేసి లేచాడు, మళ్ళీ ఏడాదిదాకా నా దగ్గర ఆ మనిషి మాట ఎత్తలేదు.

మేడంకి చెప్పి ఏడ్చాను. 1973లో స్వీడన్‌లోని స్టాక్‌హోం బ్యాంకులో ఆరు రోజులు బందీలుగా ఉన్న పెద్దవాళ్ళే తమని బంధించినవాళ్ళ వైపు మాట్లాడారని, ఆ ఊరి పేరుతోనే జనం దాన్ని స్టాక్‌హోం సిండ్రోమ్ అంటారని చెప్పారు. అదొక జబ్బుగా డాక్టర్ల పుస్తకాల్లో ఉండదట. అన్నం పెట్టేదీ వాడే, చంపుతాననేదీ వాడే అయినప్పుడు, పసి ప్రాణం వాడిలో మంచి వెతుక్కుని బతుకుతుందట. ఆ మనిషి వాడికి రెండో రోజు గోలీ సోడా కొనిచ్చాడు. మావాడు దాన్ని పట్టుకుని వేలాడాడు. దానికి నేను కొట్టాను.

ఇప్పుడు మా అమ్మాయి గురించి. వాడికంటే అయిదేళ్ళు పెద్దది. రోజూ తమ్ముడిని తీసుకొచ్చేది అదే. ఆ రోజు స్పెషల్ క్లాసు ఉండి పది నిమిషాలు ఆలస్యమైంది. మేం ఎవరం దాన్ని ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి అది బాగానే ఉందనుకున్నాం. 2015లో దానికి టెన్త్‌లో పదికి తొమ్మిదిన్నర వచ్చింది. ఫలితాలొచ్చిన రోజు మేం బెజవాడ బస్సు హడావుడిలో ఉన్నాం. "సరే నాన్నా, సాయంత్రం స్వీట్లు తెస్తాం" అని వెళ్ళిపోయాం. తెచ్చామో లేదో కూడా గుర్తులేదు. ఇంటర్‌లో ఉండగా ఒకసారి ఏదో మాటకి మాట పెరిగి, "నన్ను ఎవరైనా ఎత్తుకెళ్ళినా మీకు రెండు రోజులదాకా తెలిసేది కాదు" అంది. దాని దగ్గర సమాధానం చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు అదే తల్లి అయింది. తన పాపని డేకేర్‌లో వదలదు. ఉద్యోగం మానేసింది. కిడ్నాప్ అయినవాడికి వైద్యం చేయించాం. వాడి కోసం గేటు దగ్గర ఎదురుచూసిన పిల్లని ఒక్కసారైనా ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే ఎంత బాగుండేది! ఇలాంటిది ఎవరింట్లో జరిగినా రెండో బిడ్డని మర్చిపోవద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

కోర్టు 2016లో మొదలైంది. అంతకుముందే వాడు చెప్పింది మేజిస్ట్రేటే రాసుకునే 164 స్టేట్‌మెంటు, జైల్లో గుర్తింపు పరేడు అయ్యాయి. పరేడుకి నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ ఇద్దరినీ ఇంకొందరితో కలిపి వరసలో నిలబెట్టి, ఎవరో వేలితో చూపించమన్నారట. వచ్చాక చాలాసేపు ఆ చూపుడు వేలుని చొక్కాకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

సాక్ష్యం చెప్పే నాటికి వాడికి పదకొండేళ్ళు. పన్నెండు నిండని పిల్లలకి ప్రమాణం అంటే ఏంటో తెలియదని కోర్టు అనుకుంటే, ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చట. జడ్జిగారు ముందు ఏ క్లాసు, అబద్ధం చెప్తే ఏమవుతుంది అని నెమ్మదిగా అడిగారు. తర్వాత అవతలి లాయరు లేచి "అంకుల్ సోడా కొనిచ్చాడా? బిస్కెట్లు పెట్టాడా? నీ ఇష్టంతోనే ఎక్కావు కదా?" అన్నాడు. మావాడు "కొనిచ్చాడు. పెట్టాడు. నేనే ఎక్కాను. దగ్గొద్దన్నాడు" అన్నాడు. అంతే.

"నేనే ఎక్కాను" అన్న మాట వాడిని మూడేళ్ళుగా తింటోందని అప్పుడు తెలిసింది. బయటికొచ్చాక మా తరఫున వాదించే ప్రభుత్వ లాయరు, పీపీ గారు వాడిని బెంచీ మీద కూర్చోబెట్టుకుని, చట్టంలో రాసి ఉందిరా నాన్నా, పదహారేళ్ళలోపు మగపిల్లాడు తనంతట తాను ఎక్కినా లెక్కలోకి రాదు, అమ్మానాన్నల అనుమతి లేకుండా తీసుకెళ్తే అది కిడ్నాపే అని చెప్పారు. "రాసుందా? నిజంగా?" అని రెండుసార్లు అడిగాడు. అప్పటి ఐపీసీలో ఆ సెక్షను నంబరు 361 వాడి లెక్కల పుస్తకం అట్ట మీద చాలా కాలం ఉంది. ఒకటిన్నర ఏడాది వైద్యం ఎంత పని చేసిందో, ఆ ఒక్క మాటా అంత పని చేసింది.

మా ఆయన సాక్ష్యం రోజు ఇంకోటి తెలిసింది. డబ్బు కోసం ఎత్తుకెళ్ళినవాళ్ళ మీద అప్పట్లో పెట్టే ఐపీసీ 364ఏ సెక్షను కింద శిక్ష పడాలంటే డబ్బు అడిగారన్నది ఒక్కటే చాలదు, ప్రాణం తీస్తామనో గాయం చేస్తామనో బెదిరించిన సంగతి కూడా కోర్టు ముందుకు రావాలట. ఫోన్లో ఏమన్నారో చెప్పమన్నారు. ఆయన చాలాసేపు ఊరుకుని, "రేపు యార్డులో నువ్వే టిక్కీ విప్పుకో, నీ కొడుకు అందులోనే ఉంటాడు అన్నారండీ" అన్నారు. మూడేళ్ళు నా పక్కనే పడుకున్న మనిషి ఆ మాట నాకు చెప్పలేదు. కొట్లో ఆయన ఎందుకు టిక్కీ ముట్టుకోరో, ప్రతిదీ గుమాస్తా చేతే ఎందుకు విప్పిస్తారో ఆ రోజు అర్థమైంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే "నాకేమైంది, నేను బాగానే ఉన్నాను" అనేవారు. ఇప్పటికీ అంతే. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇప్పటికీ లేచి నిలబడే ఎత్తుతారు.

2018లో ఆ మనిషికి యావజ్జీవం పడింది. మిగతా ఇద్దరికి తక్కువ. హైకోర్టులో అప్పీలు పడింది. 2019 జనవరిలో హైకోర్టు హైదరాబాదు నుంచి ఇటు వచ్చినప్పుడు ఊరంతా సంతోషిస్తుంటే, ఆ ఫైలు మా ఇంటికి అంత దగ్గరికి వచ్చిందే అని నాకు టెన్షన్ పట్టుకుంది. తీర్పు వస్తే మనసు తేలికవుతుందనుకున్నాను. అతను ఎప్పుడు బయటికొస్తాడన్న లెక్క మొదలైంది.

మాకు అప్పుడు తెలియనివి కొన్ని చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. పిల్లలు కనపడకపోతే ఎమర్జెన్సీ నంబరు 112కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వెంటనే ఫోన్ చెయ్యండి, సాయంత్రం దాకా చూడక్కర్లేదు. బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, మాకు ఆ సంగతి కేసు అయిపోయాక తెలిసింది. బెజవాడ దాకా వెళ్ళలేనివాళ్ళకి 2022 నుంచి ఫోన్లోనే మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి, తిరిగొచ్చిన పిల్లాడిని చూడ్డానికి వెళ్తే ఏమీ అడక్కండి. క్యారమ్స్ ఆడి రండి. మా ఎదురింటి తాతగారు అదే చేసేవారు. మావాడు ఇప్పటికీ తలుచుకునేది ఆయన్నే.

వాడికిప్పుడు ఇరవై. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గది తలుపు వేసుకుని పడుకోడు. నవంబరు వచ్చిందంటే తిండి తగ్గుతుంది, వాడికి తెలియకుండానే. బస్సులో డ్రైవరు వెనక సీటు తప్ప కూర్చోడు. మిగతా అంతా బాగానే ఉన్నాడు, స్నేహితులున్నారు, నవ్వుతాడు.

పదకొండేళ్ళు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. మా చెల్లెలు వాళ్ళింట్లో పెట్టి పంపేది. ఈ మే నెలలో వాడే "అమ్మా, ఈసారి మనింట్లో పెడదాం" అన్నాడు. ముక్కలు కొట్టించుకొచ్చాడు. కారం బేసిన్‌లో పోసేటప్పుడు ఒకసారి, నూనె కలిపేటప్పుడు ఒకసారి లేచి వీధిలోకి వెళ్ళి నిలబడి వచ్చాడు. రెండోసారి వచ్చాక పొలమారి దగ్గాడు. గట్టిగా, ఇల్లంతా వినపడేలా దగ్గాడు. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అదే సమయానికి మా ఆయన యార్డు నుంచి వచ్చారు. వాడు చేతులకి కారంతోనే పెరటి గుమ్మం దాకా వెళ్ళి "నాన్నా, పర్లేదు, లోపలికి వచ్చెయ్" అన్నాడు. ఆయన తలూపారు. పంపు తిప్పి బకెట్టు కింద పెట్టారు.